చలి ఉదయాన మొండికేసే మోటారు సైకిలు

శారదా నది ఒడ్డున ఉన్న అనకాపల్లి బెల్లం మార్కెటుకు పెట్టింది పేరు. పుష్య మాసంలో ఆ చుట్టుపట్ల గ్రామాలలో చెరకు గానుగలు జోరుగా సాగుతూ ఉంటాయి. అటువంటి గ్రామంలో ఒక రైతు తెల్లవారుజామున బెల్లం దిమ్మలను వ్యానుకెక్కించి, తాను ముందుగా మార్కెటుకు చేరుకుందామని పాకలోని పాత మోటారు సైకిలును బయటకు తీశాడనుకుందాం. అది తండ్రి కొన్న బండి. రెండు స్ట్రోకుల ఇంజను గలది. నిన్న మధ్యాహ్నం ఒక్క కిక్కుతో కదిలిన ఆ బండి ఇప్పుడు ఇరవై కిక్కులు కొట్టినా ఉలకదు, పలకదు. ముప్పయ్యో కిక్కుకు పెట్రోలు వాసన గుప్పుమంటుంది. నలభయ్యో కిక్కుకు మోకాలు పట్టేస్తుంది. బండి చలికి మొండికేసిందని ఇరుగుపొరుగువారు తేలుస్తారు.

యంత్రానికి మొండితనమంటూ లేదు. నిన్నటి మధ్యాహ్నానికీ నేటి వేకువకూ మధ్య మారిన పరిస్థితులు కొన్నే. వాటిని వరుసగా పరీక్షించగలిగితే నలభై కిక్కుల శ్రమ నాలుగైదింటితో తీరుతుంది. పరీక్షించడం తెలియక తొందరపడితే నష్టం మోకాలి నొప్పితో ఆగదు. ఒక్కొక్కప్పుడు నిప్పంటుకునే ప్రమాదం కూడా ఉన్నది. కాబట్టి ఆ పరిస్థితులేమిటో తెలుసుకోవడం అవసరం.

రెండు స్ట్రోకుల ఇంజను

పిస్టను సిలిండరులో ఒక కొన నుంచి మరొక కొనకు సాగే కదలికను స్ట్రోకు అంటారు. నాలుగు స్ట్రోకుల ఇంజనులో క్రాంకు రెండు చుట్లు తిరిగితే ఒకసారి ఇంధనం మండుతుంది. రెండు స్ట్రోకుల ఇంజనులో ప్రతి చుట్టుకూ మండుతుంది. ఈ పద్ధతిలో మొదట ఇంజను నిర్మించినవాడు స్కాట్లండుకు చెందిన డుగాల్డ్ క్లర్క్. అది 1878 నాటి మాట. ఇంగ్లండులోని బాత్ నగరానికి చెందిన జోసెఫ్ డే 1891లో దానిని మరింత సులువు చేశాడు. క్రాంకు తిరిగే పెట్టెనే ఒక పంపుగా వాడుకోవచ్చునని ఆయన చూపించాడు. మోటారు సైకిళ్లలోని రెండు స్ట్రోకుల ఇంజనులన్నీ దాదాపుగా ఆ సంతతిలోనివే.

మన దేశంలో మైసూరులో 1961 నుంచి జావా బండ్లు తయారయ్యాయి. అవే తరువాత యెజ్డీ పేరుతో వచ్చాయి. 1962లో రాజ్‌దూత్, 1985లో యమహా ఆర్.ఎక్స్.100 రంగంలోకి దిగాయి. 2000 తరువాత పొగకు సంబంధించిన నియమాలు బిగిసిన కొద్దీ కొత్త బండ్లలో రెండు స్ట్రోకుల ఇంజను కనుమరుగైంది. అయినా పాత బండ్లను బాగుచేసుకుంటూ నడిపేవారు నేటికీ ఉన్నారు.

ఈ ఇంజను పనిచేసే తీరు ఇది. పిస్టను పైకి పోయేటప్పుడు దాని అడుగున ఉన్న క్రాంకు పెట్టెలో పీడనం తగ్గుతుంది. బయటి గాలి కార్బురేటరు గుండా పెట్రోలునూ, నూనెనూ వెంటబెట్టుకుని ఆ పెట్టెలోకి చొరబడుతుంది. అదే సమయంలో పిస్టను పైన, అంతకుముందే చేరిన మిశ్రమం నొక్కుకుపోతుంది. ప్లగ్గు వద్ద నిప్పురవ్వ పుట్టి మిశ్రమం మండగానే పిస్టను కిందికి దిగుతూ, క్రాంకు పెట్టెలోని కొత్త మిశ్రమాన్ని నొక్కుతుంది. సిలిండరు గోడలోని రంధ్రాలు తెరుచుకోగానే ఒకదాని గుండా కాలిన వాయువు బయటకు పోతుంది. వేరొకదాని గుండా కొత్త మిశ్రమం సిలిండరులోకి వస్తుంది.

ఇందులో ఒక విశేషాన్ని గుర్తుంచుకోవాలి. పెట్రోలు కార్బురేటరు నుంచి నేరుగా సిలిండరుకు పోదు. క్రాంకు పెట్టెలోని చల్లని లోహపు గోడల మధ్యగా చుట్టు తిరిగి పోవాలి. చలి ఉదయాన వచ్చే చిక్కులలో చాలా భాగం ఈ చుట్టుదారిలోనే ఉన్నది.

మండేది ద్రవం కాదు, ఆవిరి

బెల్లం వండేవారికి ఒక సంగతి అనుభవంతో తెలుసు. గానుగ నుంచి వచ్చిన పచ్చి పిప్పిని వెంటనే పొయ్యిలో వేస్తే పొగే కాని మంట రాదు. ఎండబెట్టి వేస్తే భగ్గుమంటుంది. పచ్చిదానిలో ఉన్న నీరు ఆవిరి కావడానికే వేడి ఖర్చయిపోతుంది.

పెట్రోలు విషయంలోనూ ఆవిరిదే పెత్తనం, కాని ఇక్కడ ఆవిరి కావడమే మనకు కావలసింది. ద్రవరూపంలో ఉన్న పెట్రోలు మండదు. దాని ఆవిరి గాలితో కలిసినప్పుడే మండుతుంది. ఆ కలయిక కూడా తగిన పాళ్లలో ఉండాలి. ఘనపరిమాణంలో నూటికి సుమారు 1.4 పాళ్లకు తక్కువ ఆవిరి ఉంటే నిప్పంటుకోదు, 7.6 పాళ్లకు మించినా అంటుకోదు. బరువు లెక్కన ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి.

పెట్రోలు ఒకే పదార్థం కాదు. ఎన్నో హైడ్రోకార్బనుల మిశ్రమం. వాటిలో తేలికవి త్వరగా ఆవిరి అవుతాయి, బరువైనవి ఆలస్యంగా అవుతాయి. ఉష్ణోగ్రత తగ్గితే ఆవిరి పీడనం వేగంగా పడిపోతుంది. మిట్టమధ్యాహ్నపు ఎండలో 38 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద ఉన్న పీడనం, అనకాపల్లి శీతకాలపు వేకువలో 18 డిగ్రీల వద్ద సుమారు సగానికి వస్తుంది. నిన్న మధ్యాహ్నం ఇంజను వేడిగానూ ఉన్నది, గాలీ వేడిగా ఉన్నది. ఈ ఉదయం ఇంజను లోహమంతా రాత్రి మంచుకు చల్లబడింది. కార్బురేటరు పంపిన పెట్రోలులో తేలిక భాగం మాత్రమే ఆవిరి అయి, మిగిలినది క్రాంకు పెట్టె గోడలకు తడిగా అంటుకుంటుంది. కార్బురేటరు దగ్గర సరిగా ఉన్న మిశ్రమం ప్లగ్గు దగ్గరకు వచ్చేసరికి పలచబడిపోతుంది.

చోక్ పని ఈ లోటును పూరించడమే. చోక్ వేస్తే గాలి తగ్గి గాని, వేరొక సన్నని దారి గుండా పెట్రోలు హెచ్చి గాని మిశ్రమం చాలా చిక్కబడుతుంది. ఎక్కువ పెట్రోలు వస్తే అందులోని తేలిక భాగమూ ఎక్కువగానే ఉంటుంది, అది చాలు. అదనపు దారి గల చోక్ పనిచేయాలంటే యాక్సిలరేటరు పూర్తిగా మూసి ఉండాలి. యాక్సిలరేటరు తిప్పగానే కార్బురేటరు వెనుక ఏర్పడే శూన్యం తగ్గి, ఆ దారి గుండా పెట్రోలు రావడం మందగిస్తుంది. చోక్ వేసి, యాక్సిలరేటరు తిప్పుతూ కిక్కు కొట్టేవారు తమ చేతితోనే చోక్‌ను పనిచేయకుండా చేస్తున్నారన్నమాట.

ఎన్ని కిక్కులని కాదు, ఎంత వేగమని

సైకిలు పంపు మూతిని వేలితో మూసి చటుక్కున నొక్కితే పంపు గొట్టం వేడెక్కుతుంది. మెల్లగా నొక్కితే ఆ వేడి తెలియదు. నొక్కుడుపడిన వాయువు వేడెక్కడం సహజం. కాని మెల్లగా నొక్కితే ఆ వేడి గోడల గుండా జారిపోతుంది. ఇంజనులోనూ ఇంతే. మిశ్రమాన్ని ఆరో వంతుకు నొక్కితే, వేడి ఏమాత్రం బయటకు పోనిపక్షంలో, 18 డిగ్రీల వద్ద ఉన్నది 200 డిగ్రీలు దాటాలి. ఈ వేడికే మిగిలిన పెట్రోలు తుంపరలు కూడా ఆవిరి అవుతాయి. కాని కిక్కు బలహీనంగా ఉంటే వేడి చల్లని సిలిండరు గోడలకు పోతుంది. మిశ్రమం పిస్టను రింగుల పక్కల నుంచి జారిపోతుంది.

వేగంతో సంబంధించినది మరొకటి ఉన్నది. చాలా పాత బండ్లలో నిప్పురవ్వకు కావలసిన విద్యుత్తును తిరిగే అయస్కాంతాలు పుట్టిస్తాయి. తీగచుట్ట గుండా పోయే అయస్కాంత బలరేఖలు ఎంత త్వరగా మారితే అంత ఎక్కువ విద్యుచ్ఛాలక బలం పుడుతుందని 1831లో ఫారడే కనిపెట్టిన నియమం చెప్పుతుంది. సైకిలు డైనమో దీపం మెల్లగా తొక్కితే మినుకుమంటుంది, వేగంగా తొక్కితే వెలుగుతుంది. ప్లగ్గు కొనల మధ్య ఉన్న ఎడం అర మిల్లీమీటరుకు కొంచెం హెచ్చు. నొక్కుడుపడిన వాయువులో ఆ ఎడాన్ని దాటడానికి వేల వోల్టులు కావాలి. నీరసపు కిక్కు ఆ వోల్టులను పుట్టించలేదు.

కాబట్టి కాలు కిక్కు రాడ్డుపై ఉంచి, మెల్లగా నొక్కుతూ సంపీడనం గట్టిగా అడ్డుపడే చోటు తెలిసేవరకు తేవాలి. అక్కడి నుంచి రాడ్డును పైకి రానిచ్చి, ఒక్క ఊపున చివరికంటా తొక్కాలి. ఇటువంటి కిక్కు ఒక్కటి, సగం సగం కిక్కులు పదింటికంటే మేలు.

ప్లగ్గు చెప్పే సాక్ష్యం

మొదటి అయిదారు కిక్కులకు ఇంజను అందుకోకపోతే చోక్ వేసే ఉంచి కిక్కులు కొట్టడం పెద్ద పొరపాటు. ప్రతి కిక్కుకూ మరికొంత పెట్రోలు లోపలికి వస్తుంది. అది ఆవిరి కాక ప్లగ్గును తడుపుతుంది. తడిసిన ప్లగ్గుపై నూనె, మసి కలిసి పొరగా ఏర్పడితే విద్యుత్తు ఎడాన్ని దూకకుండా ఆ పొర వెంట జారిపోతుంది, నిప్పురవ్వ పుట్టదు. రైతు ముప్పయ్యో కిక్కుకు పసిగట్టిన వాసన దీనికే గుర్తు.

ఇప్పుడు ప్లగ్గును విప్పి చూడాలి. పొడిగా ఉంటే పెట్రోలు రావడం లేదు. ట్యాపు, గొట్టం, కార్బురేటరులోని సన్నని జెట్టు చూడాలి. తడిగా ఉంటే పెట్రోలు వస్తున్నది. నిప్పురవ్వ లేదు, లేదా పెట్రోలు మరీ ఎక్కువైంది. నల్లని మసి పట్టి ఉంటే మిశ్రమం చాలాకాలంగా చిక్కగా ఉన్నదన్నమాట. లేత గోధుమ రంగులో పొడిగా ఉంటే మునుపటి నడకలో ఇంజను ఆరోగ్యంగా ఉన్నట్లు.

ప్లగ్గును తుడిచి, వైరు తగిలించి, దాని లోహపు భాగాన్ని ఇంజను లోహానికి ఆనించి కిక్కు కొడితే నీలి రంగు రవ్వ చిటపటమంటూ కనిపించాలి. అయితే ఈ పరీక్షలోనే ప్రమాదం పొంచి ఉన్నది. ప్లగ్గు విప్పిన రంధ్రం నుంచి ప్రతి కిక్కుకూ పెట్రోలు ఆవిరి పిచికారీలా ఎగజిమ్ముతుంది. ఆ రంధ్రం పక్కనే రవ్వ పుట్టిస్తే ఆ ఆవిరి అంటుకుంటుంది. కాబట్టి ముందుగా ప్లగ్గును పక్కన పెట్టి, ఇంజను స్విచ్చి ఆపి, అయిదారు కిక్కులతో లోపలి పెట్రోలును బయటకు పోనివ్వాలి. కొంతసేపు ఆగి, రంధ్రాన్ని పొడి గుడ్డతో మూసి, ప్లగ్గును రంధ్రానికి వీలైనంత దూరంగా పట్టించి, అప్పుడే రవ్వను చూడాలి. పని ఆరుబయట చేయాలి. బీడీ, దీపం, గానుగ పొయ్యి దరిదాపుల ఉండరాదు.

క్రాంకు పెట్టెలో గాలి చొరబడితే

పెట్రోలు వస్తున్నది, రవ్వ బాగున్నది, సంపీడనమూ ఉన్నది. అయినా బండి కదలదు. నాలుగు స్ట్రోకుల బండికి అలవాటుపడ్డవారు ఇక్కడే తికమకపడతారు. ఇందులో క్రాంకు పెట్టె ఒక పంపు అని ముందు చెప్పుకున్నాం కదా. క్రాంకు కడ్డీ రెండు కొనల వద్ద ఉండే రబ్బరు సీళ్లు ఏళ్లు గడిచిన కొద్దీ గట్టిపడి అరుగుతాయి. వాటి సందుల నుంచి గాలి లోపలికి వస్తే కార్బురేటరు గుండా వచ్చే గాలి తగ్గుతుంది, మిశ్రమం పలచబడుతుంది. గేరుపెట్టె వైపు సీలు పోతే గేరు నూనె లోపలికి పీల్చుకుపోయి తెల్లని పొగ దట్టంగా వస్తుంది. వేడెక్కిన తరువాత సరిగా నడుస్తూ, చల్లగా ఉన్నప్పుడు మాత్రమే ఏడిపించే బండికి ఈ సీళ్లను తప్పక పరీక్షించాలి. ఎన్ని ప్లగ్గులు మార్చినా ఈ జబ్బు పోదు.

లంబసింగి దారిలో

అనకాపల్లి నుంచి నర్సీపట్నం మీదుగా చింతపల్లి వైపు ఘాట్ రోడ్డు ఎక్కితే లంబసింగి వస్తుంది. సముద్రమట్టానికి సుమారు 1,000 మీటర్ల ఎత్తు. కొన్ని శీతకాలపు వేకువలలో అక్కడ ఉష్ణోగ్రత 5 డిగ్రీలకు దిగువకు పోతుంది. ఆ చలిలో పెట్రోలు ఆవిరి పీడనం 38 డిగ్రీల నాటి దానిలో నాలుగో వంతు దరిదాపులకు వస్తుంది. కాబట్టి చోక్ లేకుండా బండిని కదిలించడం కష్టం.

అయితే ఆ ఎత్తులో వాయుపీడనం తీరంకంటే నూటికి పది పాళ్లు తక్కువ. కిందనున్న ఊరికి సరిపోయేలా అమర్చిన కార్బురేటరు అక్కడ కొంచెం చిక్కని మిశ్రమాన్నే ఇస్తుంది. చలి మిశ్రమాన్ని పలచబరుస్తుంది, ఎత్తు చిక్కబరుస్తుంది. ఇంజను వేడెక్కగానే చలి ప్రభావం పోయి, ఎత్తు ప్రభావం మిగులుతుంది. అందుచేత కొండ మీద చోక్ తప్పక వేయాలి, కాని ఇంజను నిలదొక్కుకోగానే త్వరగా తీసివేయాలి. తీయకపోతే నల్లని పొగ వచ్చి, ప్లగ్గు మసిబారి, మరుసటి ఉదయం చిక్కు రెట్టింపవుతుంది.

చెరకు నుంచి పెట్రోలులోకి

పెట్రోలులో ఈథైల్ ఆల్కహాల్ కలపడం వల్లనే పాత బండ్లు ఉదయం కదలడం లేదని చాలామంది అనుకుంటున్నారు. మన దేశంలో నూటికి ఇరవై పాళ్ల ఆల్కహాల్ కలిసిన పెట్రోలు అమ్మకం 2023లో మొదలై, 2025 నాటికి అంతటా వ్యాపించింది. ఆ ఆల్కహాల్ చెరకు, ధాన్యాల నుంచి వస్తుంది. పై అభిప్రాయంలో నిజమెంత?

ఒక కిలో ఆల్కహాల్ ఆవిరి కావడానికి, ఒక కిలో పెట్రోలుకు కావలసిన గుప్తోష్ణానికి సుమారు రెండున్నర రెట్లు కావాలి. అది మండడానికి గాలి మాత్రం తక్కువ చాలు. కిలోకు 9 కిలోలు. కాబట్టి పాత కార్బురేటరు మిశ్రమాన్ని కొద్దిగా పలచగా ఇస్తుంది. ఈ రెండూ నిజమే. కాని ఈ పాళ్లలో ఆల్కహాల్ కలిసినప్పుడు పెట్రోలు ఆవిరి పీడనం తగ్గదు సరికదా, స్వల్పంగా పెరుగుతుంది. కాబట్టి తాజా పెట్రోలు ఉన్నప్పుడు, అనకాపల్లి చలికి బండి కదలకపోవడానికి ఆల్కహాల్‌నే తప్పుపట్టడం సరికాదు.

అసలు చిక్కు నిలవ పెట్రోలుతో వస్తుంది. ఆల్కహాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తీరప్రాంతంలో తేమకు కొదవలేదు. నీరు ఒక హద్దు దాటితే ఆల్కహాలూ నీరూ కలిసి ట్యాంకు అడుగున వేరే పొరగా దిగుతాయి. ఉష్ణోగ్రత తగ్గితే ఆ హద్దు కూడా తగ్గుతుంది కాబట్టి, సాయంత్రం స్వచ్ఛంగా ఉన్న పెట్రోలు తెల్లవారేసరికి విడిపోవచ్చు. ట్యాపు గుండా ముందుగా వచ్చేది ఆ అడుగు పొరే. పెట్రోలులో నూనె కలిపి పోసే బండ్లకు ఇది మరీ కీడు. నూనె పై పొరలో ఉండిపోతుంది. అడుగు పొరతో ఇంజను ఎలాగో నడిచినా కందెన లేక పిస్టను పట్టేస్తుంది.

నిలవ ఉన్న బండికి ఇంకొక ఇబ్బంది. కార్బురేటరు గిన్నెలోని పెట్రోలు వారాల తరబడి ఆవిరైపోగా, కలిసి ఉన్న నూనె మాత్రం మిగులుతుంది. తొలి కిక్కులకు ఇంజనుకు అందేది పెట్రోలు కాదు, దాదాపు నూనెయే. కాబట్టి చాలాకాలం ఆగిన బండిని కదిలించే ముందు ఆ గిన్నెలోని ద్రవాన్ని వంపివేసి, తాజా పెట్రోలు నింపడం మొదటి పని.

చేయవలసిన వరుస

ఇప్పుడు మన రైతు ఏం చేయాలి? చోక్ తీసివేసి, పెట్రోలు ట్యాపు కట్టివేయాలి. ప్లగ్గు విప్పి, పైన చెప్పినట్లు లోపలి తడిని బయటకు పంపి, ప్లగ్గును తుడిచి ఆరబెట్టాలి. రవ్వ సరిగా ఉన్నదని చూచుకుని తిరిగి బిగించాలి. లోపల ఇంకా కొంత పెట్రోలు మిగిలే ఉంటుంది కాబట్టి, చోక్ లేకుండా, ట్యాపు కట్టివేసే ఉంచి, యాక్సిలరేటరు పూర్తిగా తెరిచి మూడు నాలుగు గట్టి కిక్కులు కొట్టాలి. ఇంజను ఒకసారి అందుకోగానే యాక్సిలరేటరు తగ్గించి, ట్యాపు తెరవాలి.

మరునాటి నుంచి ఈ అవస్థ రాకుండా వరుస ఇది: ట్యాపు తెరవడం, చోక్ వేయడం, యాక్సిలరేటరు మూసి ఉంచడం, స్విచ్చి వేయకుండా రెండు మెల్లని కిక్కులతో క్రాంకు పెట్టెలోకి మిశ్రమాన్ని చేర్చడం, స్విచ్చి వేసి ఒక్క ఊపున కిక్కు కొట్టడం. అయిదు కిక్కులకు అందుకోకపోతే ఆగి ప్లగ్గు చూడడం. ఇంజను కదిలిన తరువాత ఒకటి రెండు నిమిషాలలో చోక్ తీసివేయడం. బండిని మూసిన గదిలో నడపరాదు; పొగలోని కార్బన్ మోనాక్సైడుకు వాసన లేదు, అది ప్రాణాంతకం.

తరగతిలో

ఆవిరి పీడనం, గుప్తోష్ణం, సంపీడనంలో పుట్టే వేడి, విద్యుత్ప్రేరణ: ఉన్నత పాఠశాల పాఠాలలో వేరువేరుగా కనిపించే ఈ అంశాలు ఒక్క కిక్కులో కలిసి పనిచేస్తున్నాయి. సైకిలు పంపుతోనూ, డైనమోతోనూ చేసే ప్రయోగాలు విద్యార్థులే చేయవచ్చు. ఇరవై పాళ్ల ఆల్కహాల్ గల పెట్రోలు 80 మి.లీ., నీరు 20 మి.లీ. కొలపాత్రలో పోసి, మూత బిగించి కలిపి నిలవనిస్తే, అడుగున ఉన్న నీటి పొర సుమారు 15 మి.లీ. పెరిగి కనిపిస్తుంది. పెట్రోలు నుంచి నీటిలోకి దిగిన ఆల్కహాలే ఆ పెరుగుదల. ఈ ప్రయోగాన్ని మాత్రం ఉపాధ్యాయుడే, గాలి బాగా ఆడే చోట, మంట ఏదీ లేకుండా చేసి చూపాలి.

ఆ తరువాత విద్యార్థులను పాఠశాల ఆవరణలోని ఏదైనా పాత బండి దగ్గరకు తీసుకుపోయి, నిన్న కదిలిన ఇంజను నేడు ఎందుకు కదలలేదని అడగవచ్చు. కారణాలను వారే ఒక్కొక్కటిగా చెప్పి, ఒక్కొక్కదానికీ ఒక పరీక్షను సూచించగలిగితే పాఠం ఒంటబట్టినట్లే. ఇంటి దగ్గర తండ్రి నలభయ్యో కిక్కుకు సిద్ధపడుతున్నప్పుడు, ఆగి ప్లగ్గు చూడమని చెప్పగలవారు వారే.